యంత్రం మీద అలిగిన కథ

ఈమధ్య మన కథల్లోకి కొత్త ప్రతినాయకుడొకడు వచ్చాడు. ఒకప్పుడు ఆ స్థానంలో భూస్వామి ఉండేవాడు, షావుకారు ఉండేవాడు, కాంట్రాక్టరూ పోలీసూ ఉండేవాళ్లు. ఇప్పుడు వాళ్లంతా మర్యాదగా పక్కకు జరిగి సెల్‌ఫోన్‌కి చోటిచ్చారు. పండగ ప్రత్యేక సంచిక తిరగేసినా, పోటీ కథల సంకలనం తిరగేసినా ఈ కథ తగలకుండా ఉండదు. కవిత్వంలో పరిస్థితి ఇంకా సులువు. అక్కడ కథ కూడా అక్కర్లేదు, 'అరచేతిలో బందీ అయిన మనిషి' లాంటి నాలుగు మాటలు చాలు.

కథ ఇంచుమించు ఇలా నడుస్తుంది. పల్లెటూళ్లో పెంకుటిల్లు, అందులో ఒంటరి తల్లి. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో. సంక్రాంతికి అందరూ వస్తారు. ఒకే గదిలో కూర్చుంటారు, ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉంటుంది. తల్లి చేసిన బొబ్బట్లు చల్లారిపోతుంటాయి. మనవడు తలెత్తి చూడడు. ఇంతలో కరెంటు పోతుంది, లేదా సిగ్నల్ పోతుంది. అందరూ వాకిట్లో మంచాలు వాల్చుకుని నక్షత్రాలు చూస్తూ పాత కబుర్లలో పడతారు. తల్లి కళ్లు చెమరుస్తాయి. కరెంటు వచ్చేలోపు రచయిత కథ ముగించేస్తాడు. వచ్చాక ఏం జరుగుతుందో అతనికీ తెలుసు, మనకీ తెలుసు. ఇందులోనే రెండో రకం ఒకటుంది: తల్లి చనిపోతుంది, అంత్యక్రియలు వీడియో కాల్‌లో జరుగుతాయి.

ఇక్కడ రచయితల పేర్లు చెప్పడం లేదు. ఇది ఒకరిద్దరి లోపమైతే పేర్లు చెప్పి చర్చించవచ్చు. ఇది ఒక ధోరణి. చేయి తిరిగిన రచయితలూ ఇందులో ఉన్నారు, మొదటి కథ రాస్తున్న విద్యార్థులూ ఉన్నారు. ప్రగతిశీల రచయితలమని చెప్పుకునే మనవాళ్లూ తక్కువేం లేరు. అందుకే దీని మూలమెక్కడుందో, దీనివల్ల మన సాహిత్యం ఏం చూడలేకపోతున్నదో మాట్లాడుకోవాలనిపించింది.

ఆ తల్లి ఒంటరితనం అబద్ధమని నేననను. వాస్తవ జీవితంలో లేనిది ఇన్ని కథల్లోకి రాదు. కాని రచయిత ఆ ఒంటరితనానికి చూపించిన కారణం తలకిందులుగా ఉంది. కొడుకు డల్లాస్ పోయింది ఫోను వల్ల కాదు. ఎనభైల తర్వాత పుట్టుకొచ్చిన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు, ఫీజు కోసం అమ్ముడుపోయిన ఎకరాలు, గిట్టుబాటు కాని సేద్యం, తొంభైల ఆర్థిక విధానాలు, 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికే సిద్ధంగా ఉన్న చవక మేధోశ్రమ మార్కెట్టు – ఇవీ ఆ కొడుకును విమానం ఎక్కించినవి. మన దేశంలో మొదటి మొబైల్ ఫోన్ సంభాషణ జరిగింది 1995 జులై 31న, కలకత్తా నుంచి జ్యోతిబసు చేశాడు. అది పల్లెటూరి పెంకుటింట్లోకి రావడానికి మరో పది పన్నెండేళ్లు పట్టింది. వలస ముందు వచ్చింది, ఫోను తర్వాత వచ్చింది. తెగిపోయిన చోట ఫోను కట్టు కట్టింది. గట్టి కట్టు కాకపోవచ్చు. కాని గాయానికి కట్టే కారణమని చెప్పే వైద్యుణ్ణి ఏమంటాం?

ఇదే ఫోనును మరో ఇంట్లో చూద్దాం. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయికీ మస్కట్‌కీ పోయినవాళ్ల కుటుంబాలు ఏ ఊరికి పోయినా కనిపిస్తాయి. ఉత్తరం రాయడం రానివాళ్లు మాటల్ని క్యాసెట్‌లోకి ఎక్కించి, ఊరికి వచ్చే మనిషి చేతికిచ్చి పంపుకున్న రోజులున్నాయి. ఆ తర్వాత ఎస్‌టీడీ బూతు ముందు వరుసలు. ఇప్పుడు లేబర్ క్యాంపులోని మంచం మీద నుంచి అతను బిడ్డ ముఖం చూస్తూ మాట్లాడుతున్నాడు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌ని అడ్డుకుంటే ఐఎమ్‌ఓ లాంటి వేరే దారులు వెతుక్కున్నాడు. ఆ మనిషికి ఫోను మానవ సంబంధాలను తెంపిన వస్తువు కాదు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి ఇంటికి రాగలిగిన మనిషికి మిగిలిన ఏకైక మానవ సంబంధం అది. మన పెంకుటింటి కథలో ఫోను మీద అలిగే తీరిక ఉన్నవాడికీ, ఈ మంచం మీద పడుకున్నవాడికీ మధ్య ఉన్న దూరం వర్గ దూరం. అలకకు తీరిక కావాలి. తీరికను ఎవరి శ్రమ సమకూరుస్తున్నదో ఆ కథ అడగదు.

ఈ ధోరణిలోని రెండో అంశం గతం మీద బెంగ. సెల్‌ఫోన్ మీద కోపం నిజానికి సెల్‌ఫోన్ దగ్గర ఆగదు, మిక్సీ మీదికీ గ్యాస్ పొయ్యి మీదికీ పోతుంది. రోలు, రోకలి, తిరగలి, కవ్వం – ఇవన్నీ పోయాయని రచయిత విలపిస్తాడు. ఆ రోటి పచ్చడి రుచి గురించి పేరాలకు పేరాలు రాస్తాడు. రోట్లో రుబ్బిన చేయి ఎవరిదో, ఆ చేయికి ఎన్ని గంటలకు విశ్రాంతి దొరికేదో రాయడు. విమల 'వంటిల్లు' చదివినవాళ్లు ఈ బెంగను మళ్లీ అంత నిశ్చింతగా రాయలేరు. 1990లో వచ్చిన 'అడవి ఉప్పొంగిన రాత్రి' సంపుటిలోని కవయిత్రి ఆమె. వంటింటిని జ్ఞాపకాల కమ్మదనంతో కప్పిపెట్టకుండా స్త్రీని బంధించిన స్థలంగా చూసింది. రుచిని తిన్నవాడి జ్ఞాపకం వేరు, రుబ్బినదాని జ్ఞాపకం వేరు. గతం మీద బెంగపడే మన కథల్లో నూటికి తొంభై మొదటి రకానివి.

అయితే ఇంతటితో యంత్రం స్త్రీకి విముక్తి ఇచ్చిందని తీర్మానించి ఊరుకుంటే అదీ సగమే. దంపుడు సంగతి తీసుకోండి. రైసు మిల్లు వచ్చినప్పుడు, సొంత వడ్లు తామే దంచుకునే ఇంటి ఆడవాళ్లకు నడుం నొప్పి తగ్గింది. కాని కూలికి వడ్లు దంచి, ఆ కూలి నూకలతో పిల్లలకు గంజి కాచిన ఆడవాళ్లకు అదే మిల్లు పొట్ట కొట్టింది. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. 1958లో తెచ్చిన బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం వెనక ఉన్న ఉద్దేశాల్లో దంపుడు పనిని కాపాడటం ఒకటి. ఆ చట్టం ఎంత కాపాడిందో మనకు తెలుసు. 1997లో దాన్ని రద్దు చేసేనాటికి కాపాడటానికి పెద్దగా మిగిలింది లేదు. ఒకే యంత్రం ఒక వాకిట్లో విశ్రాంతి అయింది, పక్క వాకిట్లో ఆకలి అయింది. రెండు వాకిళ్లనూ ఒకే కథలో నిలబెట్టగలిగినవాడే వాస్తవికవాది. ఒక్క వాకిట్లోనే నిలబడి మిల్లును పొగిడినా తిట్టినా ఫలితం ఒకటే.

తిరగటి పాటలు, దంపుడు పాటలు బిరుదురాజు రామరాజు లాంటి పరిశోధకులు సేకరించి పెట్టకపోతే మనకు దక్కేవి కావు. శ్రమలోంచి పుట్టిన ఆ పాటలు శ్రమతోనే పోయాయి. పోయినందుకు విచారించవచ్చు. పాట కోసం తిరగలిని తిరిగి రమ్మనడం మాత్రం సాహిత్య ప్రేమ పేరుతో చేసే క్రూరత్వం.

ఇంకో ఉదాహరణ కూడా మనకు దగ్గరిదే. 2002లో 'కుబుసం' సినిమా ద్వారా ఊరూరా పాకిన గోరటి వెంకన్న పాటను చాలామంది గతం మీది బెంగగానే పాడుకుంటున్నారు. అది సరైన పఠనం కాదని నా అభిప్రాయం. ఆ పాట 'పల్లె పోయింది' అని ఒక్క ముక్కలో ఏడవదు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె – ఒక్కొక్కరి ఇంటి ముందూ ఆగి, ఒక్కొక్కరి పనిముట్టుకూ ఏమైందో చూస్తుంది. ఎవరు ఏం పోగొట్టుకున్నారో లెక్క తీస్తుంది. కనిపించని చేతులేవో ఈ పని చేస్తున్నాయని అనుమానిస్తుంది. బెంగ లెక్కలు తీయదు. బెంగకు లెక్కలంటే చిరాకు.

యంత్రంతో తగాదా అనగానే ఇంగ్లండు లుడ్డైట్లను తలచుకోవడం, వాళ్లను తెలివితక్కువ వాళ్లుగా చిత్రించడం ఒక ఆనవాయితీ. నిజానికి 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్లు అల్లే కార్మికులు కనిపించిన యంత్రాన్నల్లా పగలగొట్టలేదు. కూలి రేట్లు కోసిన యజమానుల యంత్రాలను, నాసిరకం సరుకు దించి ధర పడగొట్టిన యజమానుల యంత్రాలను ఏరి మరీ పగలగొట్టారు. ఎరిక్ హాబ్స్‌బామ్ 1952లో రాసిన వ్యాసంలో దీన్ని ఒక రకమైన బేరసారంగానే చూశాడు. వాళ్లకు యంత్రం ఎవరిదో తెలుసు. యంత్రం విరగ్గొట్టినవాడికి ఉరిశిక్ష వేసే బిల్లు తెచ్చినప్పుడు, 1812 ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో తన మొట్టమొదటి ప్రసంగం దానికి వ్యతిరేకంగా చేసినవాడు కవి బైరన్. తానూ ఆ జిల్లాలో ఎస్టేటు ఉన్న ప్రభువే. అయినా ఆకలితో ఉన్న అల్లకందారుల వైపు మాట్లాడాడు. బిల్లు చట్టమైంది, అది వేరే సంగతి. తర్వాత 1867లో మార్క్స్ 'కాపిటల్' మొదటి సంపుటంలో యంత్రానికీ, యంత్రాన్ని పెట్టుబడి వాడే తీరుకీ మధ్య తేడాను కార్మికుడు నేర్చుకోవడానికి కాలమూ అనుభవమూ పట్టాయని అన్నాడు. కార్మికుడు నేర్చుకున్నాడు. మన కథకుడే ఇంకా నేర్చుకోవలసి ఉంది. లుడ్డైట్ యంత్రాన్ని కొట్టి యజమానిని బేరానికి దించాడు. మన కథకుడు యంత్రం మీద అలిగి యజమాని ఊసే మరిచాడు.

మన సాహిత్యంలో ఈ చూపు లేకపోలేదు. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం'లో శ్రీశ్రీ యంత్రాన్నీ దాని దగ్గర నిలబడ్డ కార్మికుణ్ణీ విడదీసి చూడలేదు. ఇక నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది కాళీపట్నం రామారావు 'యజ్ఞం' గురించి. అప్పల్రాముడి అప్పు, పంచాయతీ తీర్పు, చివర సీతారాముడు తన పసిబిడ్డనే నరికి తేవడం – ఆ ముగింపు మీద దశాబ్దాల పాటు వాదోపవాదాలు నడిచాయి. వాటిలోకి నేను పోను. ఆ వాదాల హోరులో ఒక సంగతి మరుగున పడింది. ఆ కథలో సగం సుందరపాలెం ఎలా అభివృద్ధి చెందిందో చెప్పే కథ. ఊరు బాగుపడుతూ ఉంటుంది, నలుగురూ ఆ ఊరిని మెచ్చుకుంటూ ఉంటారు. అదే కాలంలో, అదే ఊళ్లో, అప్పల్రాముడి అప్పు పెరుగుతూ ఉంటుంది. రచయిత ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకోలేదు. ఒకటి మరొకదాని లోపలే జరుగుతున్నదని చూపించాడు. అభివృద్ధిని తిట్టలేదు, పొగడలేదు. దానికి ఎవరి ఖాతాలో ఖర్చు రాశారో చూపించాడు. శ్రీరాములునాయుడు చెడ్డవాడు కాడు, అందుకే ఆ కథ అంత భయంకరంగా ఉంటుంది.

'యజ్ఞం' కాలపు కథల్లో వేలిముద్రకు ఎంత స్థానముందో విద్యార్థులు ఎవరైనా పరిశోధన చేస్తే బాగుంటుంది. ప్రోనోటు మీద వేలిముద్ర, తాకట్టు కాగితం మీద వేలిముద్ర, పాలేరు జీతం కాగితం మీద వేలిముద్ర. అక్షరం రానివాడి దగ్గర ఉన్న ఒకే ఒక సంతకం అది, దాన్నీ అతని మీదికే ఆయుధంగా తిప్పారు. ఈ వేలిముద్ర పోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2010 నుంచి ఆధార్ సంఖ్యలు ఇవ్వడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి చౌకధరల దుకాణాల్లో బియ్యం తూచడానికి ముందు యంత్రం మీద వేలు పెట్టమంటున్నారు. దేశంలో మిగతా చోట్లకూ అది పాకింది. ప్రోనోటు మీద వేలిముద్ర 'నువ్వు బాకీ ఉన్నావు' అనేది. యంత్రం మీద వేలిముద్ర కొన్నిసార్లు 'నువ్వు నువ్వు కావు' అంటుంది.

ఎవరిని అంటుంది? కంకర కొట్టే చేతిని అంటుంది, సున్నం సిమెంటు కలిపే చేతిని అంటుంది, బీడీలు చుట్టీ చుట్టీ అరిగిన వేళ్లను, బట్టలుతికే వేళ్లను, ముసలి వేళ్లను అంటుంది. గుమాస్తా వేలు అరగదు, కథకుడి వేలు అరగదు. జీవితమంతా చేసిన పనే మనిషి గుర్తును చెరిపేసింది, ఆ చెరిగిపోయిన గుర్తునే తెచ్చి చూపించమని పని చేయించుకున్న సమాజం అడుగుతోంది. పరాయీకరణ గురించి తరగతి గదుల్లో ఎన్నో పాఠాలు చెప్పుకున్నాం. శ్రమ శ్రామికుడికి పరాయిదవుతుందని చదువుకున్నాం. ఇంత సూటిగా, చర్మం మీదే కనిపించే ఉదాహరణ మరొకటి నాకు తెలియదు. వేలు పడకపోతే కంటిపాప చూపమంటారు, లేదా ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పమంటారు. ఫోను కొడుకు దగ్గరుంటుంది, కొడుకు వలస పోయి ఉంటాడు. పెంకుటింటి కథలోని కొడుకు కాదు, ఇటుక బట్టీకి పోయిన కొడుకు.

సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థించింది, వేలిముద్ర పడలేదన్న కారణంగా అర్హులను వదిలేయకూడదనీ అన్నది. తీర్పులోని ఆ వాక్యం దుకాణం గడప దాకా ఎంత నడిచివచ్చిందన్నది కథకుడు వెళ్లి చూడవలసిన విషయం. అంతకు ఏడాది ముందు, 2017 సెప్టెంబర్‌లో, జార్ఖండ్ సిమ్‌డేగా జిల్లాలో పదకొండేళ్ల ఆడపిల్ల చనిపోయింది. ఆధార్‌తో ముడిపడలేదని రేషన్ కార్డు తీసేస్తే, ఇంట్లో బియ్యం లేక, ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులన్నారు. ఈ రెండు మాటల మధ్య ఒక పెద్ద కథ ఉంది. తెలుగులో మనం ఆ కథ రాసే సమయానికి అరిసెలు, బొబ్బట్లు, వీడియో కాల్ రాస్తున్నాం.

పింఛనుదారు ఏటా తాను బతికే ఉన్నానని నిరూపించుకోవాలి. 2014 నవంబర్ నుంచి దీనికీ వేలిముద్రో కంటిపాపో ఇచ్చి కంప్యూటరు చేత ఒప్పించుకునే పద్ధతి వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేకుండా చాలామందికి అది సౌకర్యమే, కాదనను. ఆ పద్ధతిలో ఎదుట నిలబడ్డ మనిషిని చూసి 'ఈమె బతికే ఉంది' అని చెప్పే అధికారం ఎదుటి మనిషికి లేకపోవడమే నన్ను ఆలోచింపజేసింది. ఆధారపడటం అనే మాటకు మన భాషలో రెండు ముఖాలున్నాయి. భూమి మీద పైరు ఆధారపడుతుంది, కామందు మీద పాలేరు ఆధారపడతాడు. రెండూ ఒకే మాట, రెండూ ఒకే సంబంధం కావు. మధ్యతరగతి మనిషి ఫోను మీద ఆధారపడటం అలవాటు. కావాలంటే ఆదివారం కట్టేసి, ఆ సంగతి సోమవారం ఫోన్‌లోనే గర్వంగా చెప్పుకుంటాడు. కూలి మనిషి ఆధారపడటానికి అలాంటి ఆదివారం లేదు.

ఉపాధి హామీ పని సంగతి చూడండి. 2005లో చట్టం వచ్చినప్పుడు కూలీ హాజరు మస్టరు కాగితం మీద ఉండేది. అందులో దొంగ పేర్లూ ఉండేవి, కాంట్రాక్టర్ల చేతివాటమూ ఉండేది. 2021లో ఒక మొబైల్ యాప్ తెచ్చారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనుల దగ్గరా దాన్ని తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు, పని జరిగే చోటు నుంచే కూలీల ఫోటో తీసి ఎక్కించాలి. మట్టి తవ్వే పని పొద్దున్నే మొదలై ఎండ ముదరకముందే అయిపోతుంది. పని అయిపోయినా రెండో ఫోటో కోసం ఆడవాళ్లు అక్కడే ఎండలో కూర్చున్నారు, లేదా ఇంటికి పోయి మళ్లీ వచ్చారు. సిగ్నల్ దొరక్క ఫోటో ఎక్కకపోతే తవ్విన మట్టి తవ్వనట్టే. మరి దొంగ హాజరు ఆగిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో ఒప్పుకున్నది – పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఫోటోకు ఫోటో తీసి ఎక్కిస్తున్నారని. దొంగ యాప్ నేర్చుకున్నాడు, ఎండలో నిలబడింది కూలి మనిషి. ఆ డిసెంబర్‌లోనే పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టం చేసింది. చట్టం పేరు మారినంత మాత్రాన యంత్రాన్ని అడ్డం పెట్టుకుని పని లెక్కించే దృష్టి మారిందని నమ్మడానికి నాకు ఆధారం కనిపించడం లేదు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. చేతిమగ్గాన్ని సాంచె తిన్నది, సాంచెను నమ్ముకున్నవాళ్లు తొంభైల చివరి నుంచి ఆత్మహత్యల వార్తల్లోకి ఎక్కారు. అక్కడ మనవాళ్లు కొంత రాశారు. చూసి రాశారు కాబట్టి ఆ రచనల్లో సాంచె చప్పుడు వినిపిస్తుంది. కొత్త యంత్రాలకు చప్పుడు లేదు. అదే కాబోలు మన చిక్కు. హైదరాబాద్ రోడ్ల మీద సంచీ తగిలించుకుని బండి మీద పరుగెత్తే కుర్రవాడికి మేస్త్రీ కనిపించడు. ఏ ఆర్డరు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఐడీ ఆపెయ్యాలో ఫోను చెబుతుంది. ఆ ఫోనూ అతనే కొనుక్కోవాలి, బండీ అతనే కొనుక్కోవాలి, పెట్రోలూ అతనే పోయించుకోవాలి. కార్మికుడని అనకుండా 'భాగస్వామి' అంటారు. పని కల్పించేవాడు పనిముట్టు కూడా కార్మికుడి చేతనే కొనిపించుకోవడం పాత నేత షావుకారుకు కూడా ఇంత బాగా కుదరలేదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020–21 నాటికి ఇలాంటి కార్మికులు దేశంలో 77 లక్షలు. వాళ్లు 2025 డిసెంబర్ 25న, 31న సమ్మెకు దిగారు – సంవత్సరం చివరి రోజు, ఆర్డర్లు ఎక్కువగా ఉండే రాత్రి చూసుకుని. అదీ కార్మికవర్గ తెలివి. సెల్‌ఫోన్ వల్ల మనిషి ఒంటరి అయ్యాడని వాపోయే కథకుడు గమనించాల్సింది ఇక్కడ ఉంది: ఒకరి ముఖం ఒకరికి తెలియకుండా పని చేయించిన ఫోనుతోనే వాళ్లు ఒకరినొకరు పిలుచుకున్నారు.

కాగా, మన శిబిరంలోని మరో రకం రచన గురించి కూడా చెప్పాలి. అందులో సెల్‌ఫోన్ ఉండదు, 'సామ్రాజ్యవాద సాంకేతికత' ఉంటుంది. ఆ మాట పడ్డాక ఇక చూడవలసింది ఏమీ లేదని కవి నమ్మకం. పెంకుటింటి కథకుడు వస్తువును చూసి సంబంధాన్ని మరిచాడు, ఈయన సంబంధానికి పేరు పెట్టి వస్తువును చూడనే లేదు. పేరు సరైనదే కావచ్చు. సరైన పేరు పెట్టడం విమర్శకుడి పని, అదొక్కటే చాలదని కవికి ఎవరు చెప్పాలి? ఇద్దరిలో ఎవరి రచన మేలని అడిగితే పెంకుటింటి కథే మేలంటాను. అందులో కనీసం బొబ్బట్లున్నాయి.

మన సంగతి కూడా ఒక మాట అనుకోవాలి. ఈ కథలన్నీ ఫోను మీద టైపు చేసి, ఫోనులో పంపి, ఫోనులో చదివినవే. అందులో తప్పేమీ లేదు. కాని ఆ ఆధారం మన రచనను ఏం చేస్తోందన్న ప్రశ్న వేసుకోవడం లేదు. తెర వెడల్పుకు కవితా పాదం కుంచించుకుపోతోంది. పొద్దున పెట్టిన కవితకు సాయంత్రానికి మూడు వందల మెప్పులు వస్తే, దానిలోని లోపం చెప్పబోయే మిత్రుడు అసూయాపరుడిగా కనిపిస్తున్నాడు. ఒకప్పుడు ఒక కథ మీద పత్రికలో నెలల తరబడి చర్చ నడిచేది, ఇప్పుడు మధ్యాహ్నానికే ముగుస్తోంది. రచయితకు పాఠకుడు దగ్గరయ్యాడని సంబరపడుతున్నాం. మధ్యలో కూర్చుని ఎవరిది ఎవరికి చూపించాలో నిర్ణయించేవాడు ఒకడున్నాడని మరిచిపోతున్నాం. 2021 జులైలో పెగాసస్ వ్యవహారం బయటపడ్డప్పుడు వారం రోజులు భయపడ్డాం, తర్వాత అదే ఫోనులో ఆ భయం గురించి కవితలు పెట్టుకున్నాం.

ఇవన్నీ ఒక సాహిత్య పాఠశాలలో చెబుతుంటే ఒక విద్యార్థి లేచి అడిగాడు: 'షావుకారుకు మీసం ఉంది, అరుగు ఉంది, గొంతు ఉంది. సర్వర్‌కి ఏముందని పాత్రను చేయాలి సార్?' మంచి ప్రశ్న. నిజమే, 'సర్వర్ డౌన్' అన్న మాట ఇప్పుడు అక్షరం రాని ముసలమ్మ నోట కూడా పలుకుతోంది. ఆమె ఎవరిని తిట్టాలి? అయితే ముఖం లేదనుకోవడం మన దూరం నుంచి చూసేవాళ్లకు. వెనక ముఖాలున్నాయి. జనం పెట్టే ఘోరమైన బొమ్మల్ని, వీడియోల్ని మన కంటపడకుండా ఏరివేసే పని హైదరాబాద్‌లోనే, కాంట్రాక్టు మీద, చిన్న జీతాలకు చేస్తున్న యువతీ యువకుల గురించి 2019లోనే రాయిటర్స్ రాసింది. మన ఊళ్ల నుంచి డిగ్రీలు చేసి వెళ్లిన పిల్లలు వాళ్లలో లేరనుకోను. రోజంతా తాము చూసింది ఇంట్లో చెప్పుకోలేని ఆ పిల్లల్లో ఒకర్ని కూడా మన కథ పలకరించలేదు.

అంత దూరం పోనక్కర్లేదనుకుంటే రేషన్ దుకాణం ఉంది. అక్కడి డీలరు కమీషన్ మీద బతికేవాడు. తూకంలో చేయి పెట్టేవాడే, అయినా రెండుసార్లు వేలు పడని ముసలమ్మకు మూడోసారి వేలు తుడిచి, కొంచెం కొబ్బరినూనె రాసి, మళ్లీ పెట్టమనేదీ అతనే. పడకపోతే వరుసలో ఉన్న వాళ్ల తిట్లు తినేదీ అతనే. ఆమె అతన్ని 'నాయనా, నన్ను ఎరగవా నువ్వు?' అంటుంది. ఎరుగుదును, పెద్దమ్మా అంటాడు. పుట్టినప్పటి నుంచి ఎరుగుదును, బియ్యం మాత్రం ఇవ్వలేను అంటాడు. ఆ విద్యార్థిని అక్కడికి వెళ్లి ఒక పూట కూర్చోమన్నాను.